ఒదిన కోసం బురద కుర్చీ

అమావాస్య

పనిశాలలో ఏ వస్తువు మొదలుపెట్టినా దానికో చిట్టా రాయాలని మా మంచెలో రూలు. ఏం తప్పు చేశామో, ఎలా దిద్దుకున్నామో అందులో ఉండాలి. రేపు నన్ను బురద మింగేసినా నా తర్వాత వచ్చేవాళ్ళు అదే తప్పు మళ్ళీ చెయ్యకుండా అన్నమాట. నాకు ఒకచోట కూర్చుని రాసే అలవాటు లేదు, నిలబడే రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే నన్ను కాదు, మంచెని తిట్టుకోండి. మా ఊరంతా మోస్తున్న ఈ మంచె ఇప్పుడు అడుగేస్తోంది.

నా పేరు వీరవేణి. చెయ్యాల్సింది బురద మీద పోయే కుర్చీ. ఎవరికంటే, మా ఒదిన నూకరత్నానికి. పోయినేడు వలల అటక మీంచి జారిపడిన దగ్గర్నుంచి ఒదినకి నడుం కింద స్పర్శ లేదు. మంచె మీద తిరగడానికి మామూలు చక్రాల కుర్చీ ఒకటి చేసిచ్చాను. బల్లల మీద అది బాగానే పోతుంది, ఒదిన తోలే వేగానికి కోళ్ళు బెదిరి పారిపోతాయి కూడా. మంచె దిగితే మాత్రం అంతా బురదే. సముద్రం లోపలికొచ్చి కోనసీమని మింగిన దగ్గర్నుంచీ మాకు పోటు వస్తే నీళ్ళు, ఆటు వస్తే బురద. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఎవరో గట్టినేల మీది మహానుభావులు చెప్పారు. మాకు రోజూ రెండూ తప్పవు.

దాటుకి ఇంకా నాలుగు నెలలుంది కదా అని నిన్నటిదాకా తీరిగ్గానే ఉన్నాను. ఇవాళ పొద్దున ఊరి ఆరో కాలు మూలిగింది.

మా ఊరికి ఎనిమిది ఇనపకాళ్ళు. ఒక్కచోటే నిలబడితే దిగబడిపోతుంది గనక ప్రతి ఆటుకీ ఒక్కో కాలూ పీకి కాస్త ముందుకేస్తుంది. ఆ మూలుగు వినగానే ఎవరి చేతిలో పని వాళ్ళు ఆపేశారు. మంచెపెద్ద పేర్రాజు బాబాయి కిందకి దిగి, కాలు చుట్టూ తిరిగి చూసొచ్చి, మాట తేల్చేశాడు. "కీలు అరిగిపోయింది. ఇప్పి బాగుసెయ్యాల. మంచె మీద బరువుండకూడదు. వచ్చే పున్నమికే అందరం పక్క మంచెకి దాటుదాం. ఈ ఏటికి అదే దాటు."

దాటు అంటే ఏడాదికోసారి మా పరీక్ష. ప్రతి మనిషీ బురద మీదుగా పక్క మంచెకి తనంతట తాను చేరాలి. కాళ్ళకి కట్టుకునే తొక్కుడు బల్లలు, కర్రలు, ఏ సాధనమైనా పరవాలేదు. మోటారు కూడదు, ఉన్న కరెంటు ఊరి కాళ్ళకే చాలడం లేదు. ఇంకో మనిషి చెయ్యి మాత్రం ఒంటి మీద పడకూడదు. దాటలేనివాళ్ళని ఒడ్డు ఇంటికి పంపేస్తారు. ఒడ్డు ఇల్లు చెడ్డదేం కాదంటారు. గోడలుంటాయట, మంచాలుంటాయట, మూడు పూటలా తిండట. అక్కణ్ణుంచి తిరిగొచ్చినవాళ్ళని నేను చూడలేదు. దెబ్బ తగిలినవాళ్ళకి ఒక దాటు మినహాయింపు ఉంటుంది. ఒదినది పోయినేడే అయిపోయింది.

ఈ రూలు ఎవరూ సరదాకి పెట్టలేదు. పాత మంచె కూలినప్పుడు, ఒకళ్ళనొకళ్ళు ఎత్తుకోవడానికి ఆగినవాళ్ళే పోయారు. మా అన్నయ్య కొండలు, అంటే ఒదిన మొగుడు, మా అమ్మని భుజానికెత్తుకోడానికి బురదలో ఆగాడు. ఇద్దరూ దొరకలేదు. పేర్రాజు బాబాయి కొడుకూ ఆవేళే పోయాడు. ఆ తర్వాతే ఆయన ఈ రూలు పెట్టాడు, ఎవరూ కాదనలేదు.

సాయంత్రం ఒదిన పనిశాలకొచ్చింది. అరచేతిలో చుట్ట నలుపుతూ, "ఊరికేమో ఎనిమిది కాళ్ళెట్టారు. నాకు రెండెట్టలేరేటే?" అంది.

నవ్వాను. నవ్వు లోపలిదాకా పోలేదు.

విదియ

చక్రాలతో మొదలుపెట్టాను. గాలి నింపిన లావుపాటి చక్రాలు, పైన నాచు రబ్బరు. బురదలో దిగబడలేదు, నిజమే. తిరగనూ లేదు. చక్రానికీ చట్రానికీ మధ్య బురద చేరి, చూస్తూండగానే మొత్తం కుర్చీ శనగపిండిలో ముంచిన అరటికాయ ముక్కలా తయారైంది.

మంచె అంచు మీంచి ఒదిన చూసి, "బానే ఉందే వేణీ. ఇక నూనె కాగబెట్టు" అంది.

ఆవిడకి హాస్యం. నాకు మాత్రం పున్నమి దగ్గరపడుతోంది.

చవితి

చక్రాలు పీకి అవతల పారేశాను. ఆల్చిప్పల పిండి నాచు జిగురుతో కలిపి వెడల్పాటి పళ్ళెం ఒకటి పోత పోశాను. ముందంచు పడవ ముక్కులా పైకి లేచి ఉంటుంది. పళ్ళెం మీద సీటు, సీటు వెనక ఆనుకోడానికి మడతపెట్టిన పాత విసురు వల, రెండు పక్కలా చేతి తెడ్లు. తెడ్డు బురదలో గుచ్చి వెనక్కి తోస్తే పళ్ళెం ముందుకు జారాలి.

నేనే ఎక్కి తోలాను. జారడం కాదు, పరిగెత్తింది! మంచె చుట్టూ తిప్పి తెచ్చాను. చేతులు పెద్దగా నొప్పి కూడా పుట్టలేదు. ఆపడానికి ఏ ఏర్పాటూ పెట్టలేదు, పెట్టాలన్న ఆలోచనే రాలేదు. బురదలో ఆగినవాడు బురదే అని మాకు ఉగ్గుపాలతో నేర్పుతారు. ఆగితే అడుగు అతుక్కుంటుంది, అతుక్కుంటే దిగబడతాం, దిగబడితే పోటు వస్తుంది. కాబట్టి మంచి బురద కుర్చీ అంటే ఆగని కుర్చీ.

పేర్రాజు బాబాయి నిచ్చెన దగ్గర నిలబడి అంతా చూశాడు. "ముసిలోళ్ళు కూడా తోలగలరేటమ్మా?" అన్నాడు.

"ఒదినేం ముసలిది కాదు బాబాయ్" అన్నాను కాస్త కోపంగానే. ఆయన మోకాలు రుద్దుకుంటూ పైకి వెళ్ళిపోయాడు.

పంచమి

ఒదిన తాడు పట్టుకుని దిగి కుర్చీ ఎక్కింది. తెడ్లు వేసింది. పళ్ళెం మూరెడు కదిలి ఆగిపోయింది.

మళ్ళీ వేసింది. ఒదిన చేతులు మామూలు చేతులు కావు, పదిహేనేళ్ళు వలలు లాగిన చేతులు, నావి వాటి ముందు ఎండు పుల్లలు. అయినా పళ్ళెం పడుకున్న గేదెలా ఉండిపోయింది. నేను వెంటనే ఎక్కి చూశాను, పరిగెత్తింది. ఒదిన ఎక్కితే ఆగింది. నేనెక్కితే పోయింది. అదే పళ్ళెం, అదే బురద!

నాకు తిక్క రేగింది. "నువ్వు గట్టిగా తొయ్యట్లేదు ఒదినా. నీకసలు దాటాలనే లేదు" అనేశాను.

ఒదిన తెడ్లు ఒళ్ళో పెట్టుకుంది. మామూలుగా ఆవిడ నోటికి అడ్డూ అదుపూ ఉండదు, నేనొకటంటే పదంటుంది. ఇవాళ ఏమీ అనకుండా బురదకేసి చూస్తూ కూర్చుంది. పైకి లాగే తాడు అందించాను. తీసుకుంది.

ఈ మాట చిట్టాలో రాయకూడదేమో. తప్పులు రాయమన్నారు కదా, ఇదీ తప్పే.

సప్తమి

రెండు రోజులుగా ఒదిన నాతో మాట్లాడ్డం లేదు. అన్నం పెడుతుంది, కూర వేస్తుంది, మాట్లాడదు. నేను కాలుగాలిన పిల్లిలా పనిశాలకీ వంటింటికీ మధ్య తిరుగుతున్నాను. ఆరో కాలు ఇప్పుడు ప్రతి అడుగుకీ మూలుగుతోంది.

ఇవాళ తూనీగ తీసిన బొమ్మలు చూశాను. తూనీగ అంటే ఊరి కాళ్ళ మీద నిఘాకి ఎగురుతూ తిరిగే చిన్న యంత్రం. మంచె కింద ఏం జరిగినా తీసి దాస్తుంది. నేను కుర్చీ తోలిందీ తీసింది, ఒదిన తోలిందీ తీసింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోయింది.

నేను తెడ్డు వేసే ముందు ప్రతిసారీ నా నడుం ఊగుతోంది. కుడికోసారి, ఎడమకోసారి, పళ్ళెం అంచు కొంచెం లేచి బురద పట్టు వదిలేస్తోంది. తెడ్డు ఆ తర్వాతే పడుతోంది. ఇది నేను కావాలని చేసింది కాదు, చేస్తున్నట్టు తెలియను కూడా తెలియదు. మా మంచెలో పిల్లలకి నడక కన్నా ముందు నేర్పేది నడుం ఊపే. అలా ఊపకపోతే బురదలోంచి కాలు రాదు. నాకే కాదు, ఊళ్ళో ఎవరికైనా బురద తగిలితే నడుం దానంతటదే కదులుతుంది.

ఒదిన నడుం కదలదు. కుర్చీని నడిపింది నా చేతులు కాదు, ఆవిడకి లేని నడుం. ఆ కుర్చీ నేను నా కోసమే చేసుకున్నాను. పైగా ఆవిడకి దాటాలని లేదన్నాను.

వంటింట్లోకి వెళ్ళి చెప్పాను. ఒదిన చేపలు తోముతూ విని, "ఇప్పుడైనా కనబడిందా తల్లీ నీ నడుం?" అంది. అంతే. రాత్రి నా కంచంలో చేప తలకాయ పడింది. అది ఆవిడకి ప్రాణం.

అష్టమి

ఒదినలా నడుం కదలకుండా చేతులతోనే తోలే దారి వెతకాలని, రొమ్ము కింద నుంచి పాదాల దాకా గుడ్డ పీలికలతో నన్ను నేను సీటుకి కట్టేసుకున్నాను. తొక్కుడు బల్లలు నిచ్చెన దగ్గరే వదిలేశాను, మోసం చెయ్యకుండా. అష్టమి నాడు సముద్రానికి బద్ధకం. ఆటు సరిగ్గా తియ్యదు, బురద పల్చగా అంబలిలా ఉంటుంది. అంత పల్చటి బురద మీద నడిస్తే ఎక్కడైనా నడుస్తుందని ధైర్యం.

మంచె నుంచి కొంచెం దూరం పోయానో లేదో, ఆగిపోయింది. నడుం ఊపబోయాను, గుడ్డలు కదలనివ్వలేదు, తడిసిన ముడులు ఊడనూ లేదు. తెడ్లు వేశాను. లోపలికి దిగాయి, రాలేదు. ఒదిన మూడు రోజుల క్రితం కూర్చున్నట్టే కూర్చున్నాను. అప్పటికి ఆటు అయిపోయింది. నీళ్ళు దూరంగా తళతళలాడుతూ వస్తున్నాయి. ముడులు ఊడొచ్చి దిగినా బల్లలు లేవు, నడుం లోతు దిగబడతాను.

భయమేసింది. అన్నయ్య గుర్తొచ్చాడు. ఒదిన పైనుంచి అరుస్తోంది, ఏం అరుస్తోందో తలకెక్కలేదు. వీపు వెనకున్న పాత వల లాగి, దాని తాడు పట్టుకుని, ఊరి కాలి మీదకి విసిరాను. సగం దూరం కూడా పోలేదు. బురద మీద చప్పున పరుచుకుని పడింది. ఏడుపొచ్చి తాడు పట్టి లాగాను.

పళ్ళెం కదిలింది.

వల అంచున ఉన్న సీసం గుళ్ళు బురదలో దిగి పట్టాయి. వల రాలేదు, నేనే వల దగ్గరికి పోయాను. దగ్గరికెళ్ళి నిటారుగా పైకెత్తితే అదే వల తేలిగ్గా ఊడొచ్చింది. మళ్ళీ విసిరాను, మళ్ళీ లాగాను. పోటు నిచ్చెన తాకేసరికి నేనూ నిచ్చెన తాకాను.

పైకెక్కగానే ఒదిన నా వీపు మీద ఒక్కటి చరిచింది, కళ్ళ నిండా నీళ్ళతో. తర్వాత, "దాన్ని ఇసరడం అంటారేటే? పాచి గుడ్డ దులిపినట్టు!" అంది.

దశమి

ఒదిన చేతిలో వల పడితే ఇక వేరే మనిషి. కూర్చుని విసరడం మొదట కుదరలేదు. విసిరిన ఊపుకి పక్కకి ఒరిగిపోయింది. సీటు వీపుని చంకల దాకా పెంచి, రొమ్ము కింద పట్టీ పెట్టాను. ఒదిన చిన్న వల తీసుకుని, ముందంచుకి సీసం ఎక్కువ కట్టించింది. ఇప్పుడు మణికట్టు తిప్పితే చాలు, వల నిండు చందమామలా విచ్చుకుని పడుతోంది.

కానీ కొత్త చిక్కొచ్చింది. వల పడ్డాక గుళ్ళు దిగేదాకా ఊరుకోవాలి. వెంటనే లాగితే జారిపోతుంది.

"అంటే ఆగాలి" అన్నాను.

"మరే. ఆగాల."

"బురదలోనా?"

"కాదు, అటక మీద. బురదలోనే మరి!"

ఆగిన ప్రతిసారీ పళ్ళెం అడుగు అతుక్కుంటోంది. లాగగా లాగగా వస్తోంది గానీ ఒదిన భుజాలు వణుకుతున్నాయి. అలా పక్క మంచె దాకా పోవడం అయ్యే పని కాదు. నేనేమో వల ఆగకుండా పట్టే ఉపాయం వెతుకుతాను, ఆవిడేమో ఆగినా పట్టని పళ్ళెం చెయ్యమంటుంది. చివరికి అరిచేశాను, "అన్నయ్య ఆగబట్టే పోయాడు ఒదినా!"

ఒదిన నోట్లోంచి చుట్ట తీసింది.

"ఆడు ఆగినందుకు పోలేదే పిల్లా" అంది. "ఆగటానికి కింద ఏమీ లేక పోయాడు."

ఇన్నేళ్ళలో ఆ మాట నాకెవరూ చెప్పలేదు. నాకై నాకు తట్టనూ లేదు.

ద్వాదశి

దారి వంటింట్లో దొరికింది. తడి గచ్చు మీద బోర్లించిన పళ్ళెం ఎంత లాగినా రాలేదు. అంచు కింద గోరు పెడితే లోపలికి గాలి పోయి వచ్చేసింది. పరిగెత్తుకెళ్ళి కుర్చీ పళ్ళెం అడుగున గాడులు తీశాను. గాడులన్నీ కలిసేచోట వెదురు గొట్టం ఒకటి సీటు పక్కకి లేపి, దానికి బిరడా పెట్టాను. ఆగినంతసేపూ బిరడా మూసి ఉంచాలి, పళ్ళెం బురదని కరుచుకుని స్థిరంగా ఉంటుంది. కదలాలంటే బిరడా పీకాలి. గాలి కిందకి పోయి బురద 'బుస్సు'మని వదిలేస్తుంది.

ఒదిన ఎక్కి, ఆగి, బిరడా పీకి, వల లాగింది. ఆ చప్పుడుకి, "పెళ్ళివారి ముందు ఇలా సప్పుడు సెయ్యకే" అని కుర్చీని మందలించింది. నేను నేల మీద దొర్లి నవ్వాను.

చతుర్దశి

రేపే. ఆరో కాలు ఇవాళ లేవలేదు. మిగతా ఏడూ అడుగేస్తే ఊరు ఒక పక్కకి ఒరిగింది, గిన్నెలన్నీ జారాయి. పాకల్లో ప్రతివాడూ మూట కట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ కడుతున్నాడు. నేను బిరడా ఊడిపోతుందేమోనని పదేపదే చూస్తున్నాను. ఒదిన వల విప్పి, ముడులు సరిచూసుకుని, హాయిగా పడుకుంది. గురక కూడా. నాకు ఒళ్ళు మండింది.

పున్నమి

మధ్యాహ్నం ఆటుకి సముద్రం వెనక్కి పోయి, పక్క మంచె దాకా బురద పరుచుకుంది. దారి పొడుగునా వెదురు గుంజలు. పట్టుకుంటే ఊడొస్తాయి, దారి చూపడానికే అవి. అనుమానం ఉన్నవాళ్ళు చివర్లో నడవాలి, వెనకవాళ్ళకి అడ్డం కాకుండా. కాబట్టి ఒదిన చివర. ఆవిడ వెనక మంచెపెద్ద. ఆయనెప్పుడూ అందరికన్నా ఆఖరే.

నేను ముందే దాటేసి, పక్క మంచె నిచ్చెన కింద నిలబడ్డాను. నిలబడ్డాననడం అబద్ధం. అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

ఒదిన సగం దారి బాగానే వచ్చింది. విసరడం, లాగడం, ఎత్తడం. నడిగుంజ దగ్గర ఆగింది. వల ముందు పడుంది, తాడు ఒళ్ళో ఉంది, ఆవిడ లాగడం లేదు.

"ఆగిపోయింది!" అన్నారెవరో. ఆ మాట నిచ్చెన మీద నోటినుంచి నోటికి పాకింది. ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. బిరడా ఊడిందా? భుజం పట్టేసిందా? అప్పుడు ఒదిన తల దగ్గర సన్నగా పొగ లేచింది.

చుట్ట వెలిగించింది! ఊరంతా చూస్తూండగా, నట్టనడి బురదలో, అరుగు మీద కూర్చున్నంత తీరిగ్గా కూర్చుని చుట్ట కాలుస్తోంది. తిట్టాను. గట్టిగానే తిట్టాను. పక్కనున్నవాళ్ళు నన్ను వింతగా చూశారు, తిడుతూ నవ్వుతున్నానని.

ఈలోగా పేర్రాజు బాబాయి ఆవిడ పక్కనుంచి ముందుకొచ్చాడు. నాలుగడుగులు వేశాడు. ఐదోది తడబడింది. బల్ల ఒకటి పక్కకి జారింది, ఆయన మోకాలు మడతపడింది, తొడల దాకా దిగిపోయాడు.

నవ్వు ఆగిపోయింది. అందరం చూస్తున్నాం. ఒక్కరూ అటు అడుగెయ్యలేదు. చెయ్యి తగలకూడదు. ఆ రూలు ఆయనదే. ఇప్పుడు రాస్తుంటే నా చేతుల మీద నాకే అసహ్యంగా ఉంది. ఆ క్షణాన అవి నా వెనక కట్టుకునే ఉన్నాయి. దూరంగా నీళ్ళు ఇటు తిరిగాయి.

ఒదిన ముందున్న వల ఎత్తింది. పక్కకి తిరిగి విసిరింది. వల ఆయన చేతుల ముందు పడింది. ఆయన పట్టుకోలేదు, మా వైపు చూశాడు. వాళ్ళేం మాట్లాడుకున్నారో మాకు వినబడలేదు. తర్వాత ఒదిన చెప్పింది.

"వొద్దు. రూలు తప్పుద్ది" అన్నాడట ఆయన.

"సెయ్యి కాదు బాబాయ్, వల. పట్టుకో. లేదంటే నేనిక్కడే కూకుంటాను. నాకేం తొందర్లేదు, ఇంకో సుట్ట కూడా ఉంది" అందట ఒదిన.

పట్టుకున్నాడు. ఒదిన బిరడా పీకి తాడు లాగింది. పళ్ళెం ఆయన దగ్గరికి పోయింది. ఆయన పళ్ళెం అంచు మీద రొమ్ము ఆన్చి, ఒక్కో కాలూ లాక్కుని, సీటు వెనక్కి పాకాడు. ఇద్దరి బరువుతో వల లాగడం కష్టమైంది, ఆయనా తాడు మీద చేయి వేశాడు. పోటు వచ్చి పళ్ళేన్ని ఎత్తింది. పడవలాంటి పళ్ళెం కదా, తేలింది. మిగతా దారి తెడ్లు వేసుకుంటూ వచ్చారు.

నిచ్చెన దగ్గర పేర్లు చదివే ఆవిడ, "నూకరత్నం, దాటింది" అంది. ఊరంతా అరిచింది. తర్వాత పేరు దగ్గర ఆవిడ గొంతు ఆగింది.

పేర్రాజు బాబాయి బురద కారుతూ నిలబడి తనే చెప్పాడు. "దాటలేదు. అలాగే రాయండమ్మా."

బహుళ తదియ

ఒడ్డు ఇంటి పడవ ఇవాళ పోటుకి వస్తుంది. పేర్రాజు బాబాయి చిన్న మూట కట్టుకుని, పడవ ఆగే గట్టు బల్ల మీద నిలబడ్డాడు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. పక్క మంచెవాళ్ళు పరాయి గొడవని దూరంగా ఉన్నారు.

సామాన్ల పడవలో వచ్చిన తన పాత చక్రాల కుర్చీ తోలుకుంటూ వెళ్ళి, ఒదిన ఆయనకి అడ్డంగా ఆపింది.

"మోకాలు దెబ్బ దెబ్బ కాదేటి బాబాయ్? దెబ్బ తగిలినోళ్ళకి ఒక దాటు మినహాయింపు. ఆ రూలూ నువ్వెట్టిందేగా?"

"నాకు నేను మినహాయింపు ఇచ్చుకుంటే నలుగురూ ఏమంటారమ్మా?"

"నువ్వు ఇచ్చుకోట్లేదు. మేం ఇత్తన్నాం." వెనక్కి తిరిగి, "ఏమే వేణీ, కొలబద్ద తెచ్చావా లేదా?" అంది.

తెచ్చాను. ఒదిన చెబితే కాదు, పొద్దుట్నుంచీ నా చేతిలోనే ఉంది. "కూర్చోండి బాబాయ్, మీ నడుం వెడల్పు కావాలి" అన్నాను. ఆయన మూట పక్కన పెట్టి బల్ల మీద కూర్చున్నాడు. ఆయన కూర్చోగా నేను చూడ్డం అదే మొదలు.

కొలుస్తుంటే మెల్లిగా అడిగాడు. "నాదానికి కూడా ఆగే ఏర్పాటు ఎడతావా?"

"పెడతాను."

"మా అబ్బాయికి ఆయేళ అలాటిదొకటుంటే..." అన్నాడు. పూర్తి చెయ్యలేదు. కళ్ళు తుడుచుకోనూ లేదు, కారనిచ్చాడు. నేను అదే కొలత మళ్ళీ మళ్ళీ తీశాను, ఏం చెయ్యాలో తెలియక. పడవ వచ్చింది, కాసేపు చూసింది, ఖాళీగా పోయింది.

అమావాస్య

ఆరో కాలికి కొత్త కీలు పడింది. ఇవాళ తిరిగి మా మంచెకి వచ్చేశాం. తిరుగు ప్రయాణానికి రూళ్ళేమీ ఉండవు, ఎవరి పాటికి వాళ్ళు నడుస్తారు. పేర్రాజు బాబాయి కుర్చీ ఇంకా ఆరలేదు, ఆయన్ని ఇద్దరు జబ్బలు పట్టుకుని నడిపించారు. ఎవరూ ఏమీ అనుకోలేదు.

నేను ఎప్పట్లాగే పరుగులాంటి నడకతో పోతున్నాను. నడిగుంజ దగ్గర ఒదిన ఆగి ఉంది. బిరడా మూసి, వల ఒళ్ళో పెట్టుకుని, చుట్ట నోట్లో పెట్టుకుని ఉంది. పక్కనుంచి దాటిపోబోయాను.

"వేణీ" అని పిలిచి, సీటు పక్క పళ్ళెం అంచు మీద చేత్తో తట్టింది. "కూకో."

"ఇక్కడా?"

"ఇక్కడే."

పోటుకి ఇంకా టైముంది. ఎండ వెచ్చగా ఉంది. బురద మీద పీతలు తిరుగుతున్నాయి. పుట్టిన దగ్గర్నుంచీ దీని మీద పరిగెత్తాను గానీ, ఇందులో ఇన్ని పీతలున్నాయని నాకు తెలియదు. అన్నయ్య పోయింది ఈ చుట్టుపక్కలే. బల్లలు విప్పి పళ్ళెం అంచున కూర్చున్నాను. దిగబడలేదు. కింద గట్టిగా ఉంది, నేను పోత పోసిందే.

ఒదిన చుట్ట తీసి, పొగ వదిలి, నావైపు చూసింది.

"ఆ నడుం ఊపడం ఆపవే. పళ్ళెం కదిలిపోతంది."